బీడని రాసిన చేలు

మన సంఘం సమావేశం ముగిసి టీ తాగుతున్న వేళ ఒక రంగుల కరపత్రం చేతులు మారుతూ నా దాకా వచ్చింది. హైదరాబాదు నుంచి బొంబాయి పోయే రహదారి మీద, జహీరాబాద్ సమీపంలో వేయబోయే ఒక వెంచర్ తాలూకు కరపత్రమది. మట్టి గోడల ఇళ్లు, రసాయనాలు తగలని కూరగాయల మళ్లు, జొన్న రొట్టె, కొర్రన్నం వడ్డించే ఉమ్మడి భోజనశాల, వాననీటి గుంట, మూలికల తోట, ధ్యాన మందిరం అన్నీ అందులో ఉన్నాయి. పట్నం పరుగులు చాలించి నిదానంగా, ఆరోగ్యంగా కాలం గడపదలచిన పెద్దలకు ఇది తగిన చోటని దాని సారాంశం. పదవీ విరమణ సొమ్ము బ్యాంకులో దాచుకున్న మిత్రులు ఇద్దరు ముగ్గురు ఆసక్తి చూపారు. వారిలో ఒకాయన నా వైపు తిరిగి, "నువ్వు ఆ పక్క శాన ఏండ్లు నౌకరి చేసినోనివి గదా, తీసుకోవచ్చునా, జెర చెప్పు" అని అడిగాడు.

అప్పటికప్పుడు నాకు జవాబు తోచలేదు. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే, ఆ కరపత్రంలో ఉన్న ఒక్కొక్క మాటకూ అదే నేల మీద నలభై ఏళ్ల చరిత్ర ఉన్నదని గుర్తుకు వచ్చింది. ఆ చరిత్రలో నా చేతిరాత కూడా కొంత ఉంది. అది గర్వించదగినది కాదు. ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకులు కోరారు గనుక మిత్రుడికి చెప్పవలసిన జవాబునే వ్యాసంగా రాస్తున్నాను.

ఎర్ర నేల, లావుణి పట్టాలు

జహీరాబాద్ ప్రాంతం ఉమ్మడి మెదక్ జిల్లాకు పడమటి కొస. 2016 అక్టోబరు నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. అటు దాటితే కర్ణాటకలోని బీదరు సీమ. ఇక్కడి నేల చాలామటుకు ఎర్రది. గుట్టల వాలులో పైమట్టి కొట్టుకుపోయి, గులకరాళ్లు తేలి, గునపం దిగని చెలకలు కొన్ని. పల్లంలో నల్లరేగళ్లు కొన్ని. మంచి నేలలు, నీళ్లున్న నేలలు మొదటి నుంచీ పెద్ద రైతుల చేతుల్లోనే ఉండేవి. అల్లం, చెరకు, ఆలుగడ్డ పండేది అక్కడే.

1973లో భూసంస్కరణల చట్టం వచ్చింది. పరిమితికి మించి ఉన్న భూమిని పెద్ద రైతులు వదులుకోవలసి వచ్చినప్పుడు ఎవరైనా ఏ భూమి వదులుకుంటారు? రాళ్లు తేలిన చెలకలే వదిలారు. ప్రభుత్వం వాటినీ, సర్కారు పడావు భూములనూ భూమి లేని దళిత కుటుంబాలకు పంచింది. ఎకరమో రెండెకరాలో లావుణి పట్టా చేతికి వచ్చింది. ఎడ్లు రాలేదు, ఎరువు రాలేదు, గింజ రాలేదు. పట్టా పెట్టెలో ఉండేది, మనిషి పటేలు చేలో కూలికి ఉండేవాడు.

నేను ఉద్యోగంలో కుదురుకున్నది 1980లలో. పహాణీలు పట్టుకుని ఊళ్లు తిరిగేవాణ్ణి. అలాంటి చెలకల దగ్గర నిలబడి, పంట గడిలో 'పడావు' అని రాసి, తరువాతి నంబరుకు పోయేవాణ్ణి. ఒకసారి ఒక నడివయసు ఆమె కూలి నుంచి వస్తూ ఆగి, "మా నంబరు మీద ఏం రాసినవ్ సారూ?" అని అడిగింది. "పడావనమ్మా, పంట లేదు గదా" అన్నాను. "పడావు గాదు సారూ, ఎడ్లు లేక పండుకున్నది" అని చెప్పి వెళ్లిపోయింది. నేను నవ్వుకున్నాను. రాసినదాన్ని మార్చలేదు. మార్చే వీలూ లేదు. పంట లేని నేలకు గడిలో రాయడానికి నాకు తెలిసిన మాట అదొక్కటే.

1983లో జరిగిన రెండు సంగతులు

ఆ ఏడు రెండు సంగతులు జరిగాయి. మొదటిది అందరికీ తెలిసిందే. ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రి అయి కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చారు. పేదవాడి ఇంట రోజూ తెల్లన్నం ఉడికింది. ఆ మేలును తక్కువ చేసి చెప్పడం తగదు. పండుగకు తప్ప వరి అన్నం చూడని ఇళ్లు ఈ ప్రాంతంలో ఎన్ని ఉండేవో నాకు తెలుసు. అయితే వరి పండని నేలలో దాని ఫలితం ఇంకొకటి కూడా కనబడింది. బియ్యం కోస్తా కాలువల కింద పండి వచ్చేది. ఇక్కడి జొన్నను అడిగేవాడు తగ్గాడు. జొన్న తగ్గితే చొప్ప తగ్గింది, చొప్ప తగ్గితే పశువు తగ్గింది, పశువు తగ్గితే పెంట తగ్గింది, పెంట తగ్గితే నేల ఇంకా చచ్చింది. మేము రాసే పడావుల లెక్క పెరిగింది.

రెండవ సంగతి అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. జహీరాబాద్‌ను ఆనుకుని ఉన్న పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ పుట్టింది. దానికి ప్రాణం పోసినవారిలో ముఖ్యుడు పి.వి. సతీష్ గారు. మైసూరులో 1945లో పుట్టారు. దూరదర్శన్‌లో కార్యక్రమాల నిర్మాతగా పనిచేసి, ఆ ఉద్యోగం వదిలి ఇటు వచ్చారు. మా కార్యాలయంలో మేము వారిని సందేహంగానే చూశాము. 'ఎన్నాళ్లుంటారులే' అనుకున్నాము. నాలుగు దశాబ్దాలు ఉన్నారు.

సంఘాలు

సంస్థ ముందుగా మగవారితో మొదలుపెట్టి, తరువాత ఆడవారి దగ్గరకు వచ్చింది. ఊరూరా దళిత స్త్రీలు సంఘాలుగా కూడారు. క్రమంగా 75 దాకా ఊళ్లు, 5,000 దాకా సభ్యులు అయ్యారు. చాలామందికి అక్షరం రాదు. వారానికొకసారి రాత్రి పూట, కూలి నుంచి వచ్చి వండి పెట్టాక, దీపం చుట్టూ కూర్చునేవారు. మొదట చిట్టీ పొదుపులు, తరువాత కూలి రేటు, ఆ తరువాత భూమి.

సంఘాలు చేసిన మొదటి పెద్ద పని, పండుకున్న చెలకలను లేపడం. రాళ్లు ఏరి వాలుకు అడ్డంగా గట్లు వేశారు. తట్టలతో చెరువు మట్టి, పెంట మోశారు. తన చేలో తాను పనిచేసినందుకు తనకే కొంత కూలి దక్కే ఏర్పాటు ఉండటం వలన పూట గడిచేది, నేలా బాగుపడేది. ఊరుమ్మడి గుట్టల మీద వేప, కానుగ వంటి చెట్లు పెంచారు. కొన్ని ఊళ్లలో మూలికల మొక్కలకు విడిగా నేల కేటాయించారు.

తరువాత 1990ల నడుమ వచ్చినది ధాన్యనిధి. ఉద్యోగిగా నన్ను అన్నిటికంటె ఆశ్చర్యపరచినది ఇదే. ముప్పై దాకా ఊళ్లలో 2,600 ఎకరాలకు పైగా పడావు భూమిని సాగులోకి తెచ్చారు. దున్నకానికి, ఎరువుకు, కలుపుకు దశలవారీగా అప్పు ఇచ్చారు. అప్పు తీర్చవలసింది డబ్బుతో కాదు, జొన్నలతో. కొన్నేళ్ల పాటు ఏటా ఇన్ని జొన్నలని సంఘానికి కొలవాలి. ఆ గింజ ఊళ్లోనే గుమ్ములలో దాచి, వానాకాలం మొదట పనులు లేని నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు.

పేద ఇల్లు ఏదో ఎవరు తేల్చాలి? మా లెక్క ప్రకారం దరఖాస్తు, విచారణ, సంతకం, ముద్ర కావాలి. వారి లెక్క వేరు. ఊరు ఊరంతా కూర్చుని, నేల మీద ముగ్గుతో ఊరి పటం గీసి, ఇల్లిల్లూ చూపించి, ఎవరు ఎంత లేనివారో అందరి ఎదుట తేల్చేవారు. అటువంటి ఒక కూడికను నేను దూరం నుంచి చూశాను. ఒకామె తన ఇల్లు చూపిస్తున్నప్పుడు, "నాకు కొడుకు పంపుతడు, నన్ను మీద రాయున్రి, గామెను కింద రాయున్రి" అన్నది. పేదవారి జాబితాలో నుంచి తన పేరు తానే తీసేయమన్న మనిషిని నా సర్వీసులో నేను మరెక్కడా చూడలేదు.

సత్యం పంటలు

ఆ చేలలో ఏం పండింది? ఒక్క జొన్న కాదు. జొన్న సాళ్ల మధ్య కంది, పెసర, మినుము, అనుములు, బొబ్బర్లు, నువ్వులు, గోగు. వేరొక చెక్కలో కొర్ర, సామ, సజ్జ, రాగి. ఒక ఎకరంలో పదీ ఇరవై రకాలు. ఒకటి పోతే ఒకటి నిలుస్తుందని ఆ ఏర్పాటు. వానలు వెళ్లాక చలికాలంలో నల్లరేగడిలో వేసే తెల్లజొన్న, కుసుమ, శనగ, అవిసె వంటి వాటిని అక్కడి ఆడవారు 'సత్యం పంటలు' అంటారు. పైన వాన లేకున్నా, బావి లేకున్నా, నేలలోని తడితో, రాత్రి మంచుతో పండి మాట నిలబెట్టుకుంటాయని ఆ పేరు. పైరు పొట్టకు వచ్చినప్పుడు చేనును గర్భిణిగా భావించి శూన్యం పండుగ చేస్తారు. కుటుంబమంతా చేనికి పోయి, నైవేద్యం చల్లి, అక్కడే తిని వస్తుంది.

విత్తని ఆకుకూరల సంగతి కూడా చెప్పాలి. గునుగు, దొగ్గలి, తుమ్మి, పొన్నగంటి, చెన్నంగి. మన వ్యవసాయ పాఠాలలో ఇవన్నీ కలుపు మొక్కలు. వారికి ఇవి పైసా ఖర్చు లేని కూర. కలుపు మందు కొట్టిన చేలో ఇవి మొలవవు. మందు కొట్టకపోవడం వారికి సిద్ధాంతం కంటె ముందు కూరాకు సంగతి.

విత్తనం ఆడవారి చేతిది. పేడతో అలికిన వెదురు బుట్టలలో, వేపాకు, బూడిద కలిపి, పైన మట్టితో మూసి దాచుతారు. ఒకరి దగ్గర లేనిది ఇంకొకరు ఇస్తారు. పంటకు తిరిగి ఇచ్చేటప్పుడు కొంచెం ఎక్కువ కొలిచి ఇవ్వడం మర్యాద. ఏటా సంక్రాంతి నుంచి దాదాపు నెల రోజుల పాటు ఈ విత్తనాలను అలంకరించిన ఎడ్ల బండ్ల మీద పెట్టుకుని ఊరూరా తిరిగే పాత పంటల జాతర ఇరవై ఏళ్లకు పైబడి సాగింది.

ఇప్పుడు మన డాక్టర్లు చక్కెర జబ్బుకు, రక్తపోటుకు రాసిస్తున్న తిండి ఇదే. మన వయసువాళ్లం ఆ తిండిని 'పేదల కూడు' అని వదిలి, మళ్లీ ప్యాకెట్లలో కొనుక్కుంటున్నాము.

బయటి ప్రపంచంలో

నిదానంగా, ఉమ్మడిగా, ప్రకృతికి దగ్గరగా బతకాలన్న ఆలోచన ప్రపంచంలో చాలాచోట్ల వచ్చింది. పుదుచ్చేరి సమీపాన ఆరోవిల్ 1968 ఫిబ్రవరి 28న మొదలైంది. ఇటలీలో 1986లో రోము నగరం నడిబొడ్డున మెక్‌డొనాల్డ్స్ హోటలు తెరవడాన్ని నిరసిస్తూ కార్లో పెట్రిని, ఆయన మిత్రులు సాగించిన ఉద్యమం నుంచి 'స్లో ఫుడ్' పుట్టింది. 1999లో కొన్ని ఇటలీ పట్టణాలు కలిసి నిదానపు పట్టణాల కూటమిగా ఏర్పడ్డాయి. పర్యావరణ గ్రామాల అంతర్జాతీయ కూటమి 1995లో ఏర్పడింది.

వీటిలో ఒక పాయ నేరుగా మన జహీరాబాద్‌కు వచ్చి కలిసింది. ఆస్ట్రేలియాకు చెందిన బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ 1978లో 'పర్మాకల్చర్' అనే పద్ధతిని పుస్తకరూపంలో ప్రతిపాదించారు. ఇల్లు, చేను, చెట్టు, నీరు, పశువు ఒకదానికొకటి ఆసరాగా ఉండేటట్లు ముందుగానే అమర్చుకోవడం దాని సారం. పస్తాపూర్‌లో ఆ పద్ధతిని మన నేలకు తగినట్టు ఆచరించి చూపినవారిలో కొప్పుల నర్సన్న గారు ముఖ్యులు. ఆయన, భార్య పద్మ గారు 1999లో 'అరణ్య' అనే సంస్థను స్థాపించారు. బిడకన్నె దగ్గర వారు పెంచిన తోట దేశదేశాల వారికి బడి అయింది. 2017లో అంతర్జాతీయ పర్మాకల్చర్ సమావేశం హైదరాబాదులో జరగడం వెనుక వారి కృషి ఉంది.

మిగతా చోట్లకూ ఇక్కడికీ తేడా ఏమిటంటే, అక్కడ చాలామంది కొత్త జీవితం వెతుక్కుంటూ వెళ్లి ఊరు కట్టుకున్నారు. ఇక్కడ పోవడానికి మరో చోటు లేనివారు ఉన్న ఊరినే నిలబెట్టుకున్నారు.

బడి, రేడియో, బహుమతి

మాచ్‌నూర్‌లో 1990లలో 'పచ్చసాలె' అనే బడి వచ్చింది. పుస్తకంతో పాటు సేద్యం, వడ్రంగం, కుండల పని, మూలికల జ్ఞానం నేర్పిన బడి అది. అదే ఊళ్లో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. జస్టిస్ పి.బి. సావంత్ గారు ప్రారంభించారు. 90.4 మెగాహెర్ట్‌జ్ మీద రోజూ సాయంత్రం సంఘం ఆడవారి మాట, పాట, విత్తనాల ముచ్చట వినిపించేవి. దాన్ని నడిపిన జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ ఆ ఊళ్ల బిడ్డలే. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఈ సంఘాలకు దక్కింది. 2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు చిరుధాన్యాలకు చోటు దొరికింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ సంవత్సరమే మార్చి 19న సతీష్ గారు కన్నుమూశారు.

ఒప్పుకోవలసిన సంగతులు

ఇదంతా చదివి ఆ ఊళ్లు స్వర్గాలని ఎవరైనా అనుకుంటే నేను తప్పు చెప్పినవాణ్ణి అవుతాను. అక్కడ అప్పులున్నాయి, తాగుడు ఉంది, కులం ఉంది. సంఘంలో మొదట కూర్చున్న ఆడవారు ఇప్పుడు ముసలివారు. వారి కొడుకులు, మనుమలు కంపెనీల గేట్ల దగ్గర, హైదరాబాదులో పనులు వెతుక్కుంటున్నారు. కొందరు పత్తి, చెరకు వైపు తిరిగారు. నిదానం అంటే మనం అనుకునే విశ్రాంతి కాదు. ఆ నిదానం వెనుక తెల్లవారుజామున లేచి చీకటి దాకా వంగిన నడుములు ఉన్నాయి.

భూమి ధర ఇంకొక సంగతి. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలో 12,635 ఎకరాలలో జాతీయ పెట్టుబడి, ఉత్పాదక మండలి తలపెట్టారు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం జహీరాబాద్ పారిశ్రామిక నగరానికి 3,245 ఎకరాల మేరకు, 2,361 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదం తెలిపింది. పిల్లలకు ఉద్యోగాలు కావాలి, పరిశ్రమ వద్దని పెన్షన్ తీసుకునే నేను అనలేను. అయితే ఒకప్పుడు నేను పడావని రాసిన నేల ఇప్పుడు ఎకరానికి లక్షలు పలుకుతున్నది. రాళ్లు ఏరినవారిని అక్కడ ఉండనిస్తుందా అన్నది ప్రశ్న. పరిశ్రమ అడిగినా, మన వంటివారి ఫామ్ ప్లాటు అడిగినా, అడిగేది ఆ నేలనే.

మిత్రుడికి జవాబు

ఇక నీ ప్రశ్న. తీసుకోవద్దని నేను శాసించను. నీ సొమ్ము, నీ ఇష్టం. కాని అడ్వాన్సు ఇచ్చే ముందు ఉద్యోగపు అలవాటు చొప్పున కొన్ని సంగతులు విచారించు. ఆ నంబరు పాత పహాణీలో ఎవరి పేరున ఉన్నదో చూడు. అది లావుణి పట్టా అయితే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ప్రకారం బదలాయింపు చెల్లదు. కొన్నవాడికి చివరికి మిగిలేది చిక్కే. నీళ్లు వాన గుంటవా, వెయ్యడుగుల బోరువా అడుగు. భోజనశాలలో వడ్డించే జొన్న ఎవరి చేనిదో అడుగు. ఆ చేనువాళ్లు ఆ గోడ లోపలికి కూలికి తప్ప వేరే పనికి రాగలరా అని కూడా అడుగు.

కరపత్రంలో చూపినవాటిలో మట్టి ఇల్లు, మూలికల తోట, చిరుధాన్యం అన్నీ డబ్బుకు దొరుకుతాయి. దొరకనిది ఒక్కటే. వానాకాలం మొదట ఎవరి గుమ్మి ఖాళీ అయిందో తెలిసి, అడగకముందే కొలిచి పెట్టే పొరుగు. అది జహీరాబాద్ ఊళ్లలో నలభై ఏళ్ల రాత్రి కూడికలలో తయారైంది. మన వయసులో ఆరోగ్యమంటే ఇంచుమించు అదేనని నాకు తోస్తున్నది. దానికి ఎకరం కొననక్కరలేదు. ఉన్నచోటనే నలుగురం కూడి మొదలుపెట్టవచ్చు. మన సంఘం ఆ పనికి చాలదా?

పదవీ విరమణ అయ్యాక ఒక చలికాలంలో నేను ఆ పాత నంబరు వెతుక్కుంటూ పోయాను. కంది, జొన్న కలిసి నడుమెత్తు నిలబడి ఉన్నాయి. గట్టు మీద వేపచెట్టు పెద్దదయింది. ఆనాటి ఆమె లేదు, పోయి కొన్నేళ్లయిందట. కోడలు ఉంది. నేనెవరో చెప్పి, వెనకట ఈ చేను మీద పడావని రాసింది నేనేనని ఒప్పుకున్నాను. ఆమె నవ్వి, "గిప్పుడు ఏం రాస్తవ్ సారూ?" అని అడిగింది. కొంగులో నుంచి అనపకాయలు తీసి నా చేతిలో పోసింది.

రాయడానికి ఇప్పుడు నా దగ్గర పహాణీ లేదు. ఈ సంచిక ఉంది. అందుకని ఇందులో రాస్తున్నాను. ఆ నంబరు పడావు కాదు. ఎన్నడూ కాదు.